సమాధాన్ పోర్టల్: రాని బిల్లు కోసం చివరి ప్రయత్నం

విజయవాడలో ఇంటి నుంచే అనువాదాలు చేసే నాకు హైదరాబాదులోని ఒక సంస్థ 64,000 రూపాయల బిల్లును ఏడు నెలలపాటు బాకీ పెట్టింది. మొదట అకౌంటెంటు సెలవులో ఉన్నారన్నారు, తరువాత మార్చి లెక్కలన్నారు, చివరికి తమకే పైవారి నుంచి డబ్బు రాలేదన్నారు. లాయరు ఫీజుకు వెనకాడి, చిన్న సంస్థలకు రావలసిన బాకీలపై ఫిర్యాదుల కోసం కేంద్ర ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) శాఖ 2017లో ప్రారంభించిన సమాధాన్ పోర్టల్‌లో దరఖాస్తు చేశాను.

ఈ సేవకు బలం 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (ఈ సంస్థల అభివృద్ధి) చట్టం. దాని ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువులోగా, అది కూడా 45 రోజులు మించకుండా, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోగా డబ్బు చెల్లించాలి. తప్పితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా అసలులో కలుస్తూ పోయే చక్రవడ్డీ కట్టాలి. దరఖాస్తు ఇలాంటి బాకీ తగాదాలు తేల్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు చేరుతుంది. ముందు రాజీ, అది కుదరకపోతే మధ్యవర్తిత్వం (ఆర్బిట్రేషన్) ద్వారా తీర్పు. కౌన్సిల్ తీర్పును కోర్టులో సవాలు చేయదలచిన కొనుగోలుదారు అందులో 75 శాతం సొమ్మును ముందుగా జమ చేయాలన్న నిబంధన నాకు అన్నింటికంటే నచ్చింది, ఎందుకంటే వాయిదాలతో విసిగించే దారిని అది చాలావరకు మూసేస్తుంది.

దీనికి ఉద్యమ్ నమోదు, అంటే ఎంఎస్ఎంఈగా ప్రభుత్వం దగ్గర నమోదు, కావాలి. అది పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ ఉంటే చాలు. పని ఒప్పుకొనే ముందే చేయించుకోవడం క్షేమం. నాకు అసలు ఇబ్బంది ఎదురైంది కాగితాల దగ్గర. మన వృత్తిలో వర్క్ ఆర్డరు ఎవరిస్తారు? 'పంపండి సార్, చూసుకుందాం' అన్న వాట్సాప్ సందేశమే ఒప్పందం. ఈమెయిళ్ళు, బిల్లు జతచేశాక కూడా ధైర్యం చాలక మన పేరిట జమ అయిన పన్నును చూపే ఆదాయపు పన్ను శాఖ పత్రం ఫారం 26ఏఎస్ తెరిచి చూస్తే, ఆ సంస్థ నా పేరిట 6,400 రూపాయల టీడీఎస్ (చెల్లింపులో ముందే కోసే పన్ను) జమ చేసి ఉంది. అంటే నా బిల్లును ఖర్చుగా రాసుకున్నారు, పన్నూ కోశారు, మిగిలిన 57,600 మాత్రం ఇవ్వలేదు. ఆ పేజీని కూడా దరఖాస్తుకు జోడించాను.

కొద్ది వారాలకు వారి అకౌంట్స్ విభాగం నుంచి ఫోను వచ్చింది. 'ఒక్క మాట చెబితే ఇచ్చేవాళ్ళం కదండీ' అన్నారు. అప్పటికి నేను పంపిన ఈమెయిళ్ళు పదకొండు. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువు దాటి చెల్లిస్తే, చెల్లించేదాకా ఆ ఖర్చుకు పన్ను మినహాయింపు దక్కదన్న ఆదాయపు పన్ను చట్టంలోని 43బి(హెచ్) నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది కాబట్టి, వారి ఆడిటరు కూడా ఒక మాట అనే ఉంటారని నా అనుమానం. అసలు జమ అయింది. బ్యాంకు రేటు 6 శాతం అనుకున్నా ఏడు నెలలకు వడ్డీ దాదాపు 6,300 రూపాయలు అవుతుంది. అది వదులుకొని రాజీపడ్డాను, ఆ నిర్ణయం తొందరపాటేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

దేశీయ క్లయింట్ల విషయంలో ఈ సేవను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. అయితే కౌన్సిల్ పరిధి దేశంలో ఉన్న కొనుగోలుదారుల వరకే. సింగపూరు క్లయింటు ఒకరు నాకు ఇవ్వవలసిన మరో బిల్లు అలాగే ఉంది. దానికి ఈమెయిళ్ళు రాస్తూనే ఉన్నాను.