పెళ్లి ఫుటేజీకి డావిన్చీ రిజాల్వ్

వృత్తిగా వీడియోలు తీసేవారు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకునేటప్పుడు ముందుగా చూడవలసింది అందులో ఎన్ని ఎఫెక్టులు ఉన్నాయని కాదు, తమ కెమెరా ఏ కోడెక్‌లో (వీడియోను కుదించి భద్రపరిచే పద్ధతిలో) రికార్డు చేస్తుందని. బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ సంస్థ రూపొందించిన డావిన్చీ రిజాల్వ్ వైపు నేను మొగ్గడానికి ప్రధాన కారణం కలర్ గ్రేడింగ్, అంటే షాట్ల రంగులను సరిదిద్దే పని. తలంబ్రాల వేళ పసుపు లైటు పడి పెళ్లికూతురి ముఖం, పట్టుచీర జరీ ఒకే రంగులో కలిసిపోయిన షాట్‌లో, ముఖం చుట్టూ పవర్ విండో (మార్పును ఆ భాగానికే పరిమితం చేసే ఆకారం) గీసి, ట్రాకర్‌తో దానిని ఆమె కదలికలకు జతచేసి, చర్మఛాయను మాత్రమే సరిదిద్దగలిగాను. జరీ మెరుపు చెక్కుచెదరలేదు.

ఉచిత వెర్షన్‌లో 3840×2160 సైజు వరకు, సెకనుకు 60 ఫ్రేముల దాకా ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు కనుక ఫుల్ హెచ్‌డీ పనికి అది ధారాళంగా సరిపోతుంది. అయితే విండోస్‌లో 10 బిట్ (ఎక్కువ రంగు ఛాయలను నమోదుచేసే) హెచ్.264, హెచ్.265 కోడెక్‌ల ఫైళ్లతో పనిచేసేవారికి డబ్బిచ్చి కొనే స్టూడియో వెర్షనే తగినది. చీకటి మండపంలో తీసిన షాట్లకు ఎంతో అవసరమయ్యే నాయిస్ రిడక్షన్ (చిత్రంలోని గరుకు చుక్కలను తగ్గించే సదుపాయం) కూడా అందులోనే ఉంది. దానికి నెలనెలా చందా కట్టనక్కరలేదు, ఒక్కసారి కొంటే చాలు. మంచి గ్రాఫిక్స్ కార్డు మాత్రం తప్పనిసరి. నా పాత కంప్యూటర్‌లో టైమ్‌లైన్ ఆగి ఆగి నడిచినప్పుడు, ప్రాక్సీ ఫైళ్లు (ఎడిటింగ్ కోసం వాడే తేలికపాటి నకళ్లు) తయారుచేసుకున్న తరువాతే పని సాఫీగా సాగింది.