తొమ్మిదేళ్లు వాడాక ఎయిర్‌ఫ్లో సెన్సర్ గురించి

నాది 1.5 లీటర్ల పెట్రోల్ కారు. తొమ్మిదేళ్లలో 1,20,000 కిలోమీటర్లు తిరిగింది. కార్ల గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి, నేను అందులో గాలిని కొలిచే సెన్సర్ గురించి రాస్తున్నాను. మైలేజీ, పికప్ రెండూ దాని చేతిలోనే ఉన్నాయని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటగానే పైపు మీద రెండు స్క్రూలతో బిగించి ఉంటుంది. ఊడదీసి చూస్తే చిన్న సందులో పలచటి పొర కనిపిస్తుంది. ఆ పొరను కరెంటు వేడిగా ఉంచుతుంది, లోపలికి పోయే గాలి చల్లారుస్తుంది. వేడి తగ్గకుండా నిలబెట్టడానికి ఎంత కరెంటు పట్టిందో చూసి, ఎన్ని గ్రాముల గాలి పోయిందో ఈసీయూ, అంటే ఇంజిన్‌ను అదుపు చేసే కంప్యూటర్, లెక్కేసుకుంటుంది. మామూలుగా 14.7 గ్రాముల గాలికి ఒక గ్రాము పెట్రోలు. నా కారు ఐడ్లింగ్‌లో, ఏసీ ఆపి చూస్తే, సెకనుకు రెండున్నర గ్రాముల గాలి పీలుస్తుంది.

ఐదో ఏట నూనె పట్టించిన కాటన్ ఫిల్టర్ వేయించాను. కొన్నాళ్లకు ఘాట్ రోడ్డులో పికప్ చచ్చిపోయింది, చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. ఒక గ్యారేజీలో ఫ్యూయల్ పంపు మార్చాలన్నారు. టెన్షన్‌తో, ఈసీయూ చెప్పే లోపాల కోడ్‌లు చదివే స్కానర్ ఒకటి కొని పెట్టి చూస్తే పీ0171 కోడ్ వచ్చింది. అంటే పెట్రోలు చాలడం లేదు. ఆ లోటు పూడ్చడానికి ఈసీయూ తనంతట తాను 18 శాతం ఎక్కువ పోస్తోంది. సెన్సర్ తీశాను. పొర మీద ఫిల్టర్ నూనె జిడ్డు, ఆ జిడ్డుకు అంటుకున్న దుమ్ము! గాలి తగలక, వచ్చిన దానికంటే తక్కువ గాలి వస్తోందని చెబుతోంది పాపం. ఈ సెన్సర్ల కోసమే అమ్మే స్ప్రే కొట్టి, వేలు గానీ గుడ్డ గానీ తగలనివ్వకుండా ఆరబెట్టాను. కార్బ్యురేటర్ క్లీనర్ మాత్రం దయచేసి వాడకండి. రెండు రోజులకు ఆ 18 కాస్తా 3కి దిగింది. పంపు ఇప్పటికీ పాతదే.

మా ఆవిడ నడిపే చిన్న కారులో ఈ సెన్సర్ ఉండదు, మ్యాప్ సెన్సర్ ఉంటుంది. అది మానిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల్లో, ఒత్తిడిని చూస్తుంది. దానికి గాలి వేడి, ఇంజిన్ వేగం కలిపి ఈసీయూ గాలిని అంచనా కడుతుంది. కొత్త పద్ధతేమీ కాదు, 1967లో బాష్ కంపెనీ తెచ్చిన డీ-జెట్రానిక్ అనే పెట్రోల్ ఇంజెక్షన్ పద్ధతి కూడా ఒత్తిడినే నమ్ముకుంది. స్టార్ట్ చేయకుండా తాళం ఒక్కటే తిప్పితే మ్యాప్ సెన్సర్ బయటి గాలి ఒత్తిడి చూపిస్తుంది. వైజాగ్‌లో 100 కిలోపాస్కల్స్ దగ్గర, హైదరాబాద్‌లో మా ఇంటి ముందు 95, అరకులో 91. కొండెక్కితే గాలి పలచబడుతుందన్న మాట కళ్లారా చూసినట్టుంటుంది.

దుమ్ము రోడ్ల మీద ఎక్కువ తిరిగేవాళ్లకు మ్యాపే నయం, మొండిది. ఎయిర్‌ఫ్లో సెన్సర్ సుకుమారి. దాని తర్వాతి రబ్బరు పైపు చిట్లినా లెక్కకు రాని గాలి దూరి ఇంజిన్ తడబడుతుంది. కానీ ఇంజిన్ ఎంత పాతబడినా అది చెప్పేది అంచనా కాదు, నిజంగా వచ్చిన గాలి. అందుకే నాకు అదే ఇష్టం.

ఇప్పుడు మామూలు కాగితం ఫిల్టరే వాడుతున్నాను. డబ్బా మూశాక క్లిప్పులన్నీ పడ్డాయో లేదో వేలితో తడిమి గానీ బానెట్ దించను.