పాత వ్యాగనార్‌కు కొత్త క్లచ్: నాలుగేళ్ళు తొక్కాక చెప్తున్న మాట

నా 2008 వ్యాగనార్‌కు క్లచ్ మార్పించి నాలుగేళ్ళు దాటింది. ఈలోగా కారు 40 వేల కిలోమీటర్ల పైనే తిరిగింది. అందులో చాలావరకు బెంగళూరు ట్రాఫిక్‌లోనే: మారతహళ్ళి, సిల్క్ బోర్డ్, కె.ఆర్. పురం. మిగతాది తిరుపతి, అనంతపురం ప్రయాణాలు. క్లచ్ కొత్తగా వేసినప్పుడు ఎవరికైనా బాగానే ఉంటుంది. అసలు సంగతి కొన్నేళ్ళు తొక్కాకే బయటపడుతుంది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

నేను వేయించింది లూక్ కంపెనీ క్లచ్ సెట్. చాలా తృప్తిగా ఉంది. అయితే ఆ తృప్తిలో బ్రాండు వాటా సగమే. క్లచ్ ఉండేది ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య కాబట్టి గేర్‌బాక్స్ దించాల్సిందే. అలా దించినప్పుడు దాంతోపాటు ఇంకా ఏమేం మార్పించాం, ఏమేం చూపించుకున్నాం అన్నదే మిగతా సగం.

ఎందుకంటే ఈ కారుకు అంతకుముందు ఒకసారి క్లచ్ పని జరిగింది. అప్పుడు కారు మా అన్నయ్య దగ్గర ఉండేది. ఇంటి దగ్గరి గ్యారేజీలో డబ్బు కలిసొస్తుందని చెప్పి, ప్లేట్ ఒక్కటే మార్చి, పాత ప్రెషర్ ప్లేట్‌నే మళ్ళీ బిగించారు. ప్రెషర్ ప్లేట్‌లోని డయాఫ్రమ్ స్ప్రింగే క్లచ్ ప్లేట్‌ను ఫ్లైవీల్‌కు, అంటే ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రానికి, అదిమి పడుతుంది. వేడికి దాని పట్టు సడలిపోయి ఉంటే ఎంత కొత్త ప్లేట్ వేసినా జారుతుంది. కారు నా చేతికొచ్చేసరికి అదే పరిస్థితి. తిరుపతి నుంచి తిరిగొస్తూ మొగిలి ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తోంది, బండి మాత్రం ముందుకు లాగడం లేదు. కాలిన వాసన. పిల్లలు వెనక సీట్లో, నాకేమో ఒకటే టెన్షన్.

అలాగని జారిన ప్రతి క్లచ్చూ పోయినట్టు కాదు. ఈ వ్యాగనార్‌లో క్లచ్ కేబుల్‌తో పనిచేస్తుంది. ప్లేట్ అరిగేకొద్దీ కేబుల్‌లో ఉండాల్సిన కాస్త వదులు తగ్గిపోతుంది. అది పూర్తిగా పోతే, మనం పెడల్ మీద కాలు పెట్టకపోయినా సగం నొక్కి పెట్టినట్టే లెక్క. అందుకే ముందు కేబుల్ అడ్జస్ట్ చేయించి చూడాలి. ఆ తర్వాత ఖాళీ చోట హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేర్ వేసి, మెల్లగా క్లచ్ వదలండి. ఇంజిన్ ఆగిపోతే పట్టు ఉన్నట్టు. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ఇక మార్చాల్సిందే. నాది ఆగలేదు. శబ్దం కూడా గమనించుకోవాలి. పెడల్ నొక్కినప్పుడు కీచుమంటే రిలీజ్ బేరింగ్ (పెడల్ నొక్కితే ప్రెషర్ ప్లేట్ స్ప్రింగ్‌ను నెట్టే బేరింగ్) పోయినట్టు. నొక్కకుండా ఉన్నప్పుడు గరగరమని, నొక్కగానే ఆగిపోతే అనుమానం గేర్‌బాక్స్ లోపలి బేరింగ్ మీదికి వెళ్తుంది. దానికి క్లచ్ మార్చినా ఫలితం ఉండదు.

సామాను బెంగళూరులో కార్ల విడిభాగాలు దొరికే జె.సి. రోడ్డులో కొన్నాను. అక్కడ కౌంటర్‌లో అడిగిన మొదటి ప్రశ్న ‘ఏ ఇంజిన్?’ అని. వ్యాగనార్ అన్నంత మాత్రాన సరిపోదు. మొదట్నుంచీ వచ్చిన 1061 సీసీ ఇంజిన్ స్థానంలో 2010 మోడల్‌తో 998 సీసీ కె-సిరీస్ ఇంజిన్ వచ్చింది. అందుకే ఆర్‌సీ కాపీతో పాటు విప్పిన పాత ప్లేట్‌ను కూడా సంచీలో వేసుకెళ్ళాను. కౌంటర్‌లో ఉన్నాయన పాతదాన్ని కొత్తదాని మీద బోర్లించి అంచులు కలిశాయో లేదో చూశాడు. తర్వాత మధ్య రంధ్రంలోని స్ప్లైన్ పళ్ళను వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. నన్నూ లెక్కపెట్టమన్నాడు. ఇంత ఓపిక ఉన్న షాపు దొరికితే వదలకండి. జీఎస్టీ బిల్లు తీసుకోండి, సీలు విప్పని డబ్బానే తీసుకోండి. నకిలీ డబ్బాలు ఈ సామానులో కొత్తేం కాదు.

నా ముందున్న పేర్లు మూడు: లూక్, వాలియో, ఎక్సెడీ. లూక్ జర్మనీది, షెఫ్లర్ గ్రూపులో భాగం, మన పక్కనే హోసూరులో ఫ్యాక్టరీ ఉంది. వాలియో ఫ్రెంచి కంపెనీ, దాని క్లచ్ ఫ్యాక్టరీ చెన్నైలో ఉంది. ఎక్సెడీ జపాన్‌ది, పాత పేరు డైకిన్. మూడూ కార్ల కంపెనీలకు నేరుగా క్లచ్‌లు సరఫరా చేసేవే. వీటిలో ఏది తీసుకున్నా నిశ్చింతగా ఉండొచ్చన్నది నా అభిప్రాయం. ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మూడూ ఒకే డబ్బాలో, నా ఇంజిన్‌కు సరిపడేవి ఆ రోజు లూక్‌లో దొరికాయి. అదే తీసుకున్నాను. పాత ప్లేట్‌కు కొత్త లైనింగ్ (రాపిడి పొర) అతికించిచ్చే రీకండిషన్డ్ సెట్లూ చూపించారు. రేటు సగం కూడా లేదు. కానీ గేర్‌బాక్స్ దించి ఎక్కించే కూలీ దేనికైనా ఒక్కటే. రెండోసారి దించాల్సి వస్తే మిగిలిందంతా అక్కడే పోతుంది. హెవీ డ్యూటీ అనే రకమూ వద్దన్నాను. స్ప్రింగ్ గట్టిదైతే పెడల్ బరువెక్కుతుంది. సిల్క్ బోర్డ్ దగ్గర అడుగడుక్కీ క్లచ్ తొక్కే మోకాలికి ఆ శిక్ష ఎందుకు?

బిగింపు పనికి పీలేరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మెకానిక్ దొరికాడు. “సార్, గేర్‌బాక్స్ కింద ఉన్నప్పుడే అన్నీ చూసేసుకుందాం, మళ్ళీ దించేది నా వల్ల కాదు” అన్నాడు. ఫ్లైవీల్ మీద అక్కడక్కడా నీలం మచ్చలున్నాయి. వేడికి కాలిన గుర్తులవి. లేత్‌లో పల్చగా ఒక పొర తీయించాం. అలాగే వదిలేస్తే కొత్త క్లచ్ కూడా పెడల్ వదిలేటప్పుడు వణుకుతుంది. ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్ వెనక ఆయిల్ సీల్ చెమ్మగిల్లి ఉంది, అదీ మార్చాం. అక్కడి నుంచి నూనె కారి ప్లేట్‌కు తగిలితే కొత్తదైనా పనికిరాదు. కేబుల్ కొత్తది, గేర్ ఆయిల్ కొత్తది. ప్రెషర్ ప్లేట్‌కు తుప్పు పట్టకుండా పూసి పంపే నూనెను బ్రేక్ క్లీనర్‌తో తుడిచాడు. స్ప్లైన్లకు గ్రీజు వేలికొసతో రాసి, ఎక్కువైంది గుడ్డతో తీసేశాడు. లోపలి దుమ్మును ఎయిర్ గన్‌తో కొట్టకుండా తడిగుడ్డతో తుడవడం నాకు బాగా నచ్చింది. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం.

మొదటి 500 కిలోమీటర్లు బరువులు వేయకుండా, గేర్లు తొందరపెట్టకుండా నడిపాను. ఆ తర్వాత ఇప్పటిదాకా క్లచ్ ఒక్కసారి కూడా జారలేదు. నా దృష్టిలో అసలు పరీక్ష మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంప్. పొద్దున్నే చల్లటి ఇంజిన్‌తో రివర్స్‌లో ఎక్కించాలి. పాత క్లచ్‌తో అక్కడ డ్యాష్‌బోర్డు మొత్తం గడగడలాడేది. ఇప్పుడు పిల్లి నడకలా ఎక్కుతుంది. మొగిలి ఘాట్‌లో నిండా మనుషులు, డిక్కీలో సామాను, ఏసీ వేసుకుని కూడా ఎక్కాం. వాసన లేదు, అరుపు లేదు. ఈ నాలుగేళ్ళలో ఒకసారి పెడల్ బిగుసుకుపోతున్నట్టు అనిపించింది. చూస్తే తప్పు క్లచ్‌ది కాదు, కేబుల్‌ది. లోపల తీగలు పొడిబారి రాసుకుంటున్నాయి. కేబుల్ మార్చగానే పెడల్ మళ్ళీ మెత్తబడింది. కేబుల్‌ను అరిగిపోయే సామాను కింద లెక్కేసుకోవాలి.

నడిపే తీరూ తోడైంది. కె.ఆర్. పురం తీగల వంతెన ఎక్కేచోట ట్రాఫిక్ ఆగితే పెడల్ సగం నొక్కి హాఫ్ క్లచ్‌లో పట్టుకుని నిలబడను, హ్యాండ్‌బ్రేక్ వేస్తాను. ఖాళీ రోడ్డు మీద పెడల్ మీద కాలు ఆనించను.

2023లో కారుకు పదిహేనేళ్ళు నిండాయి. 5,000 రూపాయల ఫీజు కట్టి ఆర్‌సీ మరో ఐదేళ్ళకు రెన్యువల్ చేయించాను. క్లచ్ బాగుండటమే ఆ ధైర్యానికి పెద్ద కారణం. ప్రస్తుతం గేర్ మార్చేటప్పుడు చిన్న కుదుపు మొదలైంది. మెకానిక్ చూసి ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంటింగ్ రబ్బర్ చీలిందన్నాడు. క్లచ్ వణుకులాగే ఉంటుంది కాబట్టి చాలామంది అక్కడే పొరపడి గేర్‌బాక్స్ దించేస్తారట. వచ్చే వారం ఆ మౌంటింగులు మార్పిస్తున్నాను. క్లచ్ జోలికి పోవడం లేదు.