నిమ్మలకుంట తోలు లాంప్‌షేడ్: కొనొచ్చా?

2020లో లాక్‌డౌన్ పడ్డాక తోలుబొమ్మలాటలూ లేవు, ఎగ్జిబిషన్లలో స్టాళ్లూ లేవు, అందుకని ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల దగ్గర వాట్సాప్‌లో ఫోటోలు చూసి నేరుగా ఈ లాంప్‌షేడ్ తెప్పించుకున్నాను. (ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి అదే ఏడాది పద్మశ్రీ ప్రకటించారు, కానీ ఒక అవార్డుతో ఊరందరి పొయ్యీ వెలగదు కదా.)

మేక తోలును శుభ్రం చేసి, పల్చగా గీకి, ఆరబెట్టి, బొమ్మ గీసి, చిన్న చిన్న చిల్లులు కొట్టి రంగులు వేస్తారు. లైట్ వేయకపోతే మామూలుగానే ఉంటుంది, వేస్తే మాత్రం హనుమంతుడి ఒంటిమీద నగలన్నీ ఆ చిల్లుల్లోంచి మెరుస్తాయి, అబ్బ!

కొత్తలో కాస్త తోలు వాసన వస్తుంది, గాలికి పెడితే పోతుంది. ఎల్‌ఈడీ బల్బే పెట్టండి, పాత రకం బల్బు వేడికి తోలు ముడుచుకుంటుంది. తడి గుడ్డ అస్సలు వద్దు. కొరియర్ వాళ్లు అట్టపెట్టెను నలిపేసి ఇచ్చారు, ఫ్రేమ్ ఒక పక్క వంగితే చేత్తోనే సరిచేసుకున్నా. ప్లాస్టిక్ షేడ్ కంటే ధర ఎక్కువే, అయినా బేరమాడకండి, వీలైతే డబ్బు ముందే పంపండి, వాళ్లకి తోలు కొనడానికి పనికొస్తుంది. సాయం అని కాదు, సరుకు బాగుంది కాబట్టే రెండోది కూడా చెప్పాను, ఈసారి గుండ్రంది కాదు, పొడవుది.