ఓపెన్‌స్టాక్ డాక్స్ పని: శానా ఏళ్లు చేసినాక నా రివ్యూ

ఇది ఓపెన్‌స్టాక్ (సొంత సర్వర్లతో క్లౌడ్ నడుపుకునే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్) బాగుందా లేదా అనే రివ్యూ కాదు. దాని డాక్యుమెంటేషన్ రాసేవాళ్లకీ సరిదిద్దేవాళ్లకీ ఉన్న సెటప్ ఎట్లుంటుందనే దాని గురించి. నేను అనంతపురంలో ఇంట్లో కూర్చునే ఒక క్లయింట్ ప్రైవేట్ క్లౌడ్ చూసుకుంటా, దాంతోపాటే ఏళ్లుగా ఈ డాక్స్‌కి ప్యాచ్‌లు, అంటే మార్పులు, పంపుతాండా.

ముందు టూల్స్ సంగతి. డాక్స్ ఉండే ఆర్ఎస్‌టీ టెక్స్ట్ ఫైల్ మార్చి, టాక్స్ అనే టూల్‌తో స్ఫింక్స్ బిల్డ్ చేసుకుని (అంటే ఆ ఫైల్‌ని వెబ్ పేజీగా మార్చుకుని), గిట్ రివ్యూ కమాండ్ కొడితే ప్యాచ్ గెరిట్ అనే రివ్యూ సైట్‌కి పోతుంది. గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ పెడదామని వచ్చేవాళ్లకి ఫస్ట్ దెబ్బ ఇక్కడే, అక్కడుండేది ఉత్త మిర్రర్, అంటే నకలు. అదే ప్యాచ్‌ని అమెండ్ చేసి (దిద్ది) మళ్లీ పంపడం, ప్యాచ్‌ని గుర్తుపట్టే చేంజ్ ఐడీ లైను పోకుండా చూసుకోవడం, ఇదంతా అలవాటయ్యేదాకా చిరాకే. అలవాటయినాక మాత్రం నాకు పుల్ రిక్వెస్ట్ కంటే ఇదే నచ్చింది, మూడో ప్యాచ్‌సెట్‌కీ (మూడోసారి పంపినదానికీ) నాలుగోదానికీ మధ్య ఏం మారిందో నేరుగా కనబడుతుంది. ఇంక పంపిన ప్యాచ్‌ని తనంతట తానే పరీక్షించే జూల్ అయితే బంగారం అప్పా, కామా ఒకటి మార్చినా పేజీ మొత్తం బిల్డ్ చేసి ప్రివ్యూ లింకు ఇస్తుంది, ఇక్కడ కరెంటు పోయి ల్యాప్‌టాప్ పడుకున్నా ఫోన్లో చూసుకోవచ్చు.

గొడవ టూల్స్‌ది కాదు. ఇంతకుముందు శానా గైడ్లు ఒకే రిపోలో (ఫైళ్లు దాచే చోట) ఉండేవి, డాక్స్ టీమ్ చూసుకునేది. టీమ్‌లో జనం తగ్గి మోయలేక 2017లో, పైక్ అనే రిలీజప్పుడు, ఎవరి డాక్స్ వాళ్ల రిపోలోకి పంపేసినారు. వీఎంలు (వర్చువల్ మెషిన్లు) నడిపే నోవావి నోవాకి, నెట్‌వర్క్ చూసే న్యూట్రాన్‌వి న్యూట్రాన్‌కి. దీనివల్ల మంచి కూడా జరిగింది, కోడ్ మార్చినోడిని అదే ప్యాచ్‌లో డాక్ కూడా మార్చప్పా అని రివ్యూలోనే అడగొచ్చు, కాన్ఫిగ్ ఆప్షన్ల పేజీలైతే కోడ్ నుంచే తయారవుతాయి కాబట్టి అవి పాతబడే భయం తక్కువ. కానీ ఎవరి ఇంటి ముందు వాళ్లు ఊడ్చుకుంటే వీధి మలుపు ఎవరిదీ కాకుండా పోయినట్టు, ఇన్‌స్టాల్ గైడ్‌ని మొదటి నుంచి చివరి దాకా నడిచి చూసే మనిషి లేకుండా పోయినాడు.

దీనికి ప్లేస్‌మెంట్ (ఏ సర్వర్లో ఎంత చోటు ఉందో లెక్కపెట్టే భాగం) కంటే మంచి ఉదాహరణ లేదు. రాకీ రిలీజ్ దాకా అది నోవాలో భాగం, 2019లో స్టైన్ నుంచి వేరే ప్రాజెక్ట్, దాని గైడ్ కూడా వేరే చోట. ఇక్కడ ఇంజినీరింగ్ పిల్లోళ్లు ప్రాజెక్ట్ అని చెప్పి ఓపెన్‌స్టాక్ పెట్టుకుంటారు, ఫోన్లు నాకొస్తాయి.

"అన్నా, వీఎం లేపితే నో వ్యాలిడ్ హోస్ట్ అంటాంది."

"ప్లేస్‌మెంట్ పెట్టినావా?"

"అదేందన్నా?"

"ఏ వెర్షన్ గైడ్ చూసినావు?"

"గూగుల్‌లో ఫస్ట్ వచ్చింది చూసినా."

నో వ్యాలిడ్ హోస్ట్ అంటే వీఎం పెట్టడానికి సర్వర్ దొరకలేదని. ఆ పిల్లోడి తప్పేం లేదు. ఆర్నెల్లకో రిలీజ్, ఒక్కో రిలీజ్‌కి ఒక్కో సెట్ డాక్స్, పాతవి కూడా నెట్‌లో అట్లే ఉంటాయి. లాగిన్లు చూసే కీస్టోన్‌కి 35357 పోర్టు పెట్టమనే పేజీలు ఇప్పటికీ సెర్చ్‌లో తగుల్తాయి, గైడ్ అయితే ఎప్పుడో అన్నిటికీ 5000కి మారింది. అందుకే నా లెక్కలో ఈ పనిలో కొత్త పేరాలు రాయడం చిన్న భాగం, పాతదాన్ని తీసేయడం, తీసేసిన చోట సరైన లింకు పెట్టడం, అదే మార్పుని స్టేబుల్ బ్రాంచ్‌లకి (ముందే విడుదలైన వెర్షన్లకి) చెర్రీపిక్, అంటే కాపీ, చేయడం, ఇదే ఎక్కువ. ఎవరూ మెచ్చుకోని పని.

ఇంకో విషయం, కొత్తోళ్లు దీన్ని గమనించరు. జూల్ సక్సెస్ అని చూపించిందంటే పేజీ తయారైందని మాత్రమే అర్థం, అందులోని కమాండ్ నడుస్తుందని కాదు. డెవ్‌స్టాక్ అనే టెస్ట్ సెటప్ వేసి చూసినా లాభం లేదు, అది స్క్రిప్టుతో తన దారిన తాను ఇన్‌స్టాల్ చేసుకుంటుంది, గైడ్‌లో ఉన్న లైన్లు అది ముట్టదు. అన్నిటినీ నడిపే కంట్రోలర్‌కి ఒక వీఎం, వీఎంలు మోసే కంప్యూట్‌కి ఒక వీఎం లేపి ఒక్కో లైను చేత్తో కొట్టాల్సిందే. మే నెల ఎండలో మధ్యాహ్నం పూట ఆ పని పెట్టుకోవద్దండి, ఇన్వర్టర్ మీద రెండు వీఎంలంటే గోవిందా.

రివ్యూల స్పీడు ప్రాజెక్ట్‌ని బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల పొద్దున పంపితే రాత్రికి ప్లస్ 2 (ఓకే అనే ఓటు) వస్తుంది, ఒకచోటైతే నా ప్యాచ్ ఒక రిలీజ్ దాటిపోయేదాకా అట్లే పడింది. ఐఆర్‌సీ చాట్‌లో మర్యాదగా ఒకసారి గుర్తుచేస్తే కదులుతుంది, రోజూ అడిగితే కదలదు.

మార్కులంటే 5కి టూల్స్‌కి నాలుగున్నర, మొత్తం ఏర్పాటుకి మూడు.

దిగాలనుకునేవాళ్లకి: పేజీ పైన బగ్ గుర్తు ఉంటుంది, నొక్కితే ఏ పేజీ ఏ కమిట్ (గిట్‌లో నమోదైన మార్పు) అనేది దానంతటదే నింపుకుని బగ్ ఫారం తెరుచుకుంటుంది, ముందు అక్కడ మొదలుపెట్టండి. ఇంతకుముందు సీఎల్ఏ (మార్పులు పంపేవాళ్ల ఒప్పందం) సంతకం గోల ఉండేది, 2025 జులై నుంచి అది పోయింది, కమిట్‌లో సైన్డ్ ఆఫ్ బై లైను ఉంటే చాలు, గిట్ కమిట్‌కి మైనస్ ఎస్ (చిన్న s) పెడితే అదే వస్తుంది.