లీజు ముగిసిన నెక్సాన్ ఈవీ: కొనుక్కోవాలా, కొత్తదానికి మారాలా?

భీమవరం నుంచి పాలకొల్లు, నరసాపురం, ఆకివీడు వైపు తిరిగే ఉద్యోగం కోసం 2021లో కంపెనీ ద్వారా లీజుకు తీసుకున్న టాటా నెక్సాన్ ఈవీ (విద్యుత్ కారు) గడువు ఇటీవల ముగిసింది. మిగులు విలువ (లీజు చివరికి కారుకు మిగిలిన ధర) చెల్లించి దీన్నే సొంతం చేసుకోవచ్చని, లేదా అప్పగించి 45 కిలోవాట్ అవర్ (అంటే 45 యూనిట్ల కరెంటు పట్టే) బ్యాటరీ ఉన్న కొత్త నెక్సాన్‌కు మారవచ్చని లీజు సంస్థ చెప్పింది. అన్నీ బేరీజు వేసుకున్నాక పాతదాన్నే ఉంచుకున్నాను.

పాత కారు బ్యాటరీ 30.2 కిలోవాట్ అవర్లు, కంపెనీ ప్రకటించిన రేంజ్ (ఒక్క చార్జ్‌తో నడిచే దూరం) 312 కిలోమీటర్లు. కొత్తదానికి 489 అని ప్రకటన. ఈ అంకెలు పరీక్షా పరిస్థితుల్లోవి కనుక, పాతదానితో ఏసీ వేసుకొని రెండు వందలు వస్తే చాలని లెక్క వేసుకోవడమే క్షేమం. నెలకు రెండుసార్లు హైదరాబాదు వెళ్లేవారికి పెద్ద బ్యాటరీ అవసరమే. కానీ ఎగుడుదిగుళ్లు లేని డెల్టాలో, మలుపు మలుపుకూ వేగం తగ్గించక తప్పని కాలువ గట్టు రోడ్ల మీద, వేగం తగ్గినప్పుడల్లా కొంత విద్యుత్తు తిరిగి బ్యాటరీకే చేరుతుంది కాబట్టి, చిన్న బ్యాటరీతోనే రోజు సునాయాసంగా గడిచిపోతుంది.

అసలు చూసుకోవలసింది బ్యాటరీలో మిగిలిన సత్తువ. లీజు సంస్థ 'కండిషన్ బాగుంది' అని ఒక కాగితం చేతిలో పెట్టింది. దానివల్ల ఒరిగేదేమీ లేదు. చార్జ్ పది శాతానికి దిగేదాకా నడిపి, ఇంట్లో విడిగా ఒక మీటరు పెట్టి వంద శాతానికి ఎక్కించాను. బ్యాటరీ కొత్తదైతే సుమారు 27 యూనిట్లు లోపలికి చేరాలి. మార్గమధ్యంలో వేడిగా పోయేది కలుపుకుంటే మీటరు ముప్పై దగ్గర ఆగాలి. మాది అంతకు కాస్త తక్కువలోనే ఆగింది, అంటే సత్తువ తగ్గింది కొంతే. ఆ తర్వాత కారును లిఫ్ట్ ఎక్కించి చూస్తే బ్యాటరీ పెట్టె చెక్కుచెదరలేదు గానీ, ఉప్పుగాలి, రొయ్యల చెరువుల తేమ పుణ్యమా అని కింది బోల్టుల తలలు మాత్రం ఎర్రబడ్డాయి. బేరంలో వాటి ఫొటోలు బాగానే పనికొచ్చాయి.

లీజు సంస్థ సేవకు ఐదింటికి మూడు మార్కులు ఇస్తాను. బీమా, సర్వీసు విషయాల్లో ఏనాడూ జాప్యం చేయలేదు. ముగింపు లెక్కల దగ్గరే పేచీ. మొదటి కొటేషన్‌లో మొత్తం ధర మీద 18 శాతం జీఎస్టీ వేశారు. ఇన్‌పుట్ పన్ను రాయితీ (కారు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తమ పన్నులో తగ్గించుకునే వీలు) వాడుకోని సంస్థ పాత ఈవీని అమ్మితే, 2025 నుంచి ఆ పన్ను పడేది అమ్మకపు ధరకూ తరుగుదల పోగా మిగిలిన విలువకూ మధ్య తేడా మీదే. రాయితీ తీసుకున్నారో లేదో రాతపూర్వకంగా చెప్పమన్నాక కొటేషన్ మారింది.

బ్యాటరీ వారంటీ ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు కాబట్టి మాకు 2029 దాకా భరోసా ఉంది. కొత్త 45 కిలోవాట్ అవర్ కారుకు మొదటి యజమానికి పదిహేనేళ్ల వారంటీ ఇస్తున్నారు. అయితే లీజు కారు ఆర్సీ సాధారణంగా లీజు సంస్థ పేరునే ఉంటుంది కనుక, రేపు కొనుక్కుంటే మనం మొదటి యజమానిగా లెక్కకొస్తామో లేదో సంతకానికి ముందే తేల్చుకోవాలి. పాతదాన్ని కొనేవారు యాజమాన్య బదిలీకి వాడే ఫారం 29, 30 మీద సంస్థ సంతకాలు, బ్యాంకు అప్పు ఉంటే అది తీరిందని చెప్పే ఫారం 35 చేతికి వచ్చాకే ఆఖరి సొమ్ము చెల్లించడం మంచిది.