గోపాల్‌పూర్‌లో సముద్రం ఎదురుగా రూమ్: ఎవరు తీసుకోవాలి, ఏం చూసుకోవాలి

ఒడిశా గంజాం జిల్లాలో సముద్రపు ఒడ్డున ఉన్న గోపాల్‌పూర్ వెళ్దామనుకునేవాళ్ళు ముందు అడిగేది ఒకటే, సముద్రం కనపడే రూమ్‌కి వెయ్యి రూపాయలు ఎక్కువ పొయ్యడం అవసరమా, ఎలాగూ బీచ్ అయిదు నిమిషాల నడకే కదా అని. మీతో ఎవరొస్తున్నారో దాన్ని బట్టి ఉంటుంది. కుర్రాళ్ళు నలుగురు కలిసి వెళ్తే అక్కర్లేదు, వెనక సందులో లాడ్జి తీసుకోండి, ఎలాగూ పడుకోడానికి తప్ప రూమ్‌లో ఉండరు. ఇంట్లో మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే మాత్రం ఆ డబ్బు తప్పకుండా పెట్టండి. వాళ్ళు ఇసకలో నాలుగడుగులు వెయ్యలేరు, వాళ్ళకి సముద్రమంటే ఆ బాల్కనీలోంచి కనపడేదే.

మేం సంక్రాంతి హడావిడి అయ్యాక పర్లాకిమిడి నుంచి కార్లో వెళ్ళాం, అత్తయ్య, మావయ్య, మా ఆయన, నేను, పిల్లలు. పాతపట్నం, టెక్కలి మీదుగా హైవే ఎక్కేస్తే పలాస, ఇచ్ఛాపురం దాటాక బరంపురం, అక్కణ్ణుంచి ఓ 16 కిలోమీటర్లు. రైల్లో వచ్చేవాళ్ళు కూడా బరంపురంలోనే దిగాలి, టికెట్ మీద బ్రహ్మపూర్ అని ఉంటుంది, అక్కడ ఆటోలు, బస్సులు దొరుకుతాయి. భాష గురించి బెంగ పెట్టుకోకండి. 1936లో ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, బరంపురం బజార్లో తెలుగులో అడిగితే తెలుగులోనే చెప్తారు, ఇక గోపాల్‌పూర్ ఒడ్డున ఉండే నోలియాలు, అంటే చేపలు పట్టేవాళ్ళు, ఇళ్ళల్లో మాట్లాడుకునేదే తెలుగు.

బాగా ఖర్చు పెట్టగలిగినవాళ్ళకి 1914లో ఒక ఇటాలియన్ కట్టించిన పామ్ బీచ్ హోటల్ ఉంది, తర్వాత ఒబెరాయ్ వాళ్ళ చేతికొచ్చి ఇప్పుడు మేఫెయిర్ వాళ్ళ దగ్గరుంది, ఇంటిల్లిపాదికీ అక్కడ రూములంటే మాకు అందేది కాదు. ఒడిశా టూరిజం వాళ్ళ పంథనివాస్‌లో మాకు కావాల్సిన రోజులకి ఖాళీ దొరకలేదు. అందుకని బీచ్ రోడ్డు మీదే ఓ మాదిరి హోటల్లో రెండు రూములు తీసుకున్నాం, ఒక్కోటి రోజుకి మూడు వేల పైచిలుకు, టిఫిన్‌తో కలిపి.

ఇక్కడ ఒకటి బాగా గుర్తుపెట్టుకోండి. యాప్‌లో 'సీ వ్యూ' అని రాసి ఉంటే ఎదురుగా సముద్రం ఉంటుందని కాదు, పక్క గోడ మీంచి మెడ సాచి చూస్తే ఓ ముక్క కనపడినా సీ వ్యూ అనే రాస్తున్నారు. మాకు ముందు ఇచ్చిన రూమ్ అలాంటిదే, కిటికీ తీస్తే పక్క బిల్డింగు వాటర్ ట్యాంకు. మా ఆయన కిందకెళ్ళి "బాబూ, మా అమ్మ కింద బీచ్‌కి రాలేదు, ఆవిడ కోసమే ఇంత దూరం వచ్చాం, ఒక్క రూమన్నా ఎదురుగా ఉన్నది ఇవ్వండి" అని నెమ్మదిగా అడిగితే రిసెప్షన్‌లో అబ్బాయి రిజిస్టర్ అటూ ఇటూ తిరగేసి రెండో అంతస్తులో మూల రూమ్ మార్చి ఇచ్చాడు, అదనంగా ఏం తీసుకోలేదు. అదే సీజన్ రద్దీ అయితే దొరికేది కాదేమో, అందుకే బుక్ చేసేముందే హోటల్‌కి ఫోన్ చేసి బాల్కనీ తలుపు ఎటు తెరుచుకుంటుంది అని అడగండి, రూమ్ వీడియో తీసి పంపమనండి, పంపుతారు.

రెండో అంతస్తే ఎందుకంటే కింద అంతస్తులో రోడ్డు మీద బళ్ళు, తినుబండారాల దుకాణాల గొడవ, పైగా ప్రహరీగోడ అడ్డం. మరీ పైకెళ్తే కరెంటు పోయినప్పుడు లిఫ్ట్ ఆగిపోతుంది. మేమున్నప్పుడు ఓ సాయంత్రం పోయింది, జనరేటర్ మీద లైట్లు, ఫ్యాన్లు తిరిగాయి గానీ ఏసీ, లిఫ్ట్ లేవు. చలికాలం కాబట్టి సరిపోయింది, మే నెలలో అయితే పిల్లలతో కష్టమే.

రూమ్ సంగతి చెప్పాలంటే శుభ్రంగానే ఉంది, దుప్పట్లు ఉతికినవే. కాకపోతే ఉప్పుగాలికి అన్నీ తుప్పు పట్టేస్తాయి, బాల్కనీ గడియ పడాలంటే తలుపు కాస్త ఎత్తి నొక్కాలి, బాత్రూమ్ కుళాయి ఆకుపచ్చగా పొక్కులు లేచి ఉంది, తువ్వాళ్ళు ఎంత ఆరేసినా చెమ్మగానే ఉన్నాయి. సముద్రం పక్కన ఇవి మామూలే, వీటికి నేను మార్కులు తగ్గించను. తగ్గించేది గీజర్‌కి. పొద్దున్న ఏడు దాటాక గానీ వేడినీళ్ళు రాలేదు, పెద్దవాళ్ళేమో అయిదింటికే లేచిపోతారు. రూమ్ బాయ్‌కి చెప్తే పాపం కిందనుంచి బకెట్‌తో వేడినీళ్ళు మోసుకొచ్చాడు, రెండో రోజు మేం చెప్పకుండానే తెచ్చాడు. తెలుగు కుర్రాడే, ఒడ్డునే వాళ్ళిల్లు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను ఇక్కడే గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది కదా, అప్పుడు తనకి ఏడేళ్ళంట, వాళ్ళందర్నీ ముందే స్కూల్లోకి తరలించారు, తిరిగొచ్చేసరికి ఇంటి మీద రేకు లేదు అని మావయ్య పక్కన నిలబడి చెప్పాడు.

ఇంక ఆ బాల్కనీ పెట్టిన డబ్బుకి న్యాయం చేసిందా అంటే, చేసింది. తూర్పు తీరం కాబట్టి సూర్యుడు ఎదురుగానే లేస్తాడు, మధ్యాహ్నం దాటితే ఎండ హోటల్ వెనక్కి వెళ్ళిపోయి బాల్కనీ అంతా నీడ, గాలి. అత్తయ్య తెల్లారకుండానే శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చునేది. పడవలు ఒక్కోటీ ఒడ్డుకొచ్చేది అప్పుడే. పదిమంది రెండు పక్కలా భుజాలు ఆనించి ఒకే పాట మీద తోస్తే పడవ ఓ బారెడు జరుగుతుంది, మళ్ళీ ఆగుతారు, మళ్ళీ తోస్తారు. వల విదిలిస్తుంటే కాకులు మీద మీదకి వచ్చేస్తాయి, ఆడవాళ్ళు అల్యూమినియం గిన్నెలు ముందేసుకుని చుట్టూ కూర్చుని బేరం మొదలెడతారు. అత్తయ్య పైనుంచే "ఏటి సేపలు పడ్డాయే?" అని కేకేస్తే కిందనుంచి ఒకావిడ "కానాగంతలమ్మా, కవళ్ళు కూడా ఉన్నాయి, పిల్లనంపు" అంది. నేను కిందకెళ్ళి కానాగంతలు తెచ్చి హోటల్ వంటింట్లో ఇస్తే వండినందుకు కొంచెం ఛార్జీ తీసుకుని మధ్యాహ్నానికి పులుసు పెట్టి ఇచ్చారు, మా ఇంటి పులుసంత పులుపు లేదు గానీ ఆవఘాటు బావుంది. హోటల్ మెనూలో ఉన్న రొయ్యల కూరకన్నా ఇదే నయం, ఆ కూర వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది, పిల్లలు ఆ లోపు చిప్స్‌తో కడుపు నింపేసుకున్నారు. టిఫిన్ పూరీ, ఉప్మా, ఇడ్లీ, వేడిగా పెట్టారు.

మావయ్యని సాయంత్రం చెయ్యి పట్టుకుని పాత రేవు గోడల దాకా నడిపించాం. ఒకప్పుడు ఇక్కణ్ణుంచి బర్మాకి ఓడలు వెళ్ళేవి, గంజాం, శ్రీకాకుళం వైపు నుంచి జనం పనుల కోసం రంగం, అంటే రంగూన్, పోయేవారు. మావయ్య వాళ్ళ పెదతాత కూడా అలా వెళ్ళినాయనే, తిరిగి రాలేదు. మిగిలిన మొండిగోడల దగ్గర ఓ బోర్డు కూడా కనపడలేదు నాకు, చుట్టూ చెత్త. ఇంత చరిత్ర ఉన్న చోటిని శుభ్రం చేసి నాలుగు బెంచీలు వేస్తే ఎంత బావుంటుందో.

సముద్రంలోకి మాత్రం దిగకండి. ఇక్కడ ఒడ్డు దాటగానే లోతు, కింద లాగేస్తుంది, పిల్లల్ని మోకాళ్ళ లోతు దాటనివ్వకండి, అదీ నోలియాలెవరన్నా పక్కనుంటేనే.

నీళ్ళ పక్కన ఉండాలి, అలల హోరు వద్దు అనుకుంటే చిలికా ఒడ్డున రంభ ఉంది. ఇంతకుముందు అక్కడ ఉన్నాం, చలికాలం పక్షులు, పడవలో బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్, చుట్టూ కొండలు, చాలా నిశ్శబ్దంగా ఉంటుంది. కానీ రాత్రి ఏడు దాటితే మందులషాపు వెతుక్కోవాల్సి వచ్చింది, పెద్దవాళ్ళతో అయితే బరంపురం ఆసుపత్రులు దగ్గరగా ఉన్న గోపాల్‌పూర్ వైపే నా ఓటు.

చెక్ అవుట్ టైం తప్పకుండా అడగండి. మా హోటల్లో పొద్దున్న ఎనిమిదికే ఖాళీ చెయ్యాలి, ఆఖరి రోజు పడవలు చూస్తూ కూర్చునే వీలుండదు. ముందు రోజు రాత్రే మేనేజర్‌ని అడిగితే పదింటిదాకా ఉండనిచ్చారు. బిల్లు కూడా ఓసారి చూసుకోండి, రోజుకి 7,500 లోపు రూములకి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతమే, మాకు పాత 12 శాతం లెక్కేసి ఇచ్చారు, చూపిస్తే వెంటనే మార్చారు. తాబేళ్ళు చూడాలనుంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో పెట్టుకోండి, ఋషికుల్య నది కలిసే చోట ఆలివ్ రిడ్లీలు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఏ రాత్రి వస్తాయో హోటల్ వాళ్ళకన్నా ఒడ్డున చేపలమ్మే ఆవిడే బాగా చెప్తుంది, టార్చీలు, ఫ్లాష్‌లు మాత్రం వెయ్యకండి.